సముద్రంలో ఆపదొస్తే వచ్చేది ఎవరు?



‘తండేల్’ సినిమా మీలో చాలామంది పిల్లలతో కలిసి చూసే ఉంటారు. గుజరాత్‌లోని వేరావల్ నుంచి చేపల వేటకు వెళ్ళిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు సరిహద్దు దాటి పాకిస్తాన్‌కి చిక్కిన 2018 నాటి నిజ సంఘటన ఆ కథకు ఆధారం. క్లాసులో ఆ సినిమా మాట వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి పిల్లల్ని ఒక ప్రశ్న అడిగాను: మనవాళ్ళని పట్టుకున్నది ఎవరు? “పాకిస్తాన్ నేవీ, మేడమ్” అని క్లాసంతా ఒకటే గొంతు. “ఆర్మీ” అన్నవాళ్ళూ ఇద్దరు ముగ్గురు ఉన్నారు. రెండూ కాదు. పట్టుకున్నది పాకిస్తాన్ మారిటైమ్ సెక్యూరిటీ ఏజెన్సీ అనే వేరే దళం. సరే, మన సముద్రంలోకి ఒక విదేశీ బోటు దొంగచాటుగా వచ్చి చేపలు పడుతుంటే ఎవరు పట్టుకుంటారు? మళ్ళీ “నేవీ”. మన మత్స్యకారుల బోటు ఇంజిన్ ఆగిపోయి కొట్టుకుపోతుంటే? “నేవీ.”

ఇంట్లో మీరూ ఒకసారి అడిగి చూడండి. ఈ జవాబు పిల్లలు ఒక్కరే చెప్పేది కాదు, పెద్దవాళ్ళమూ ఇదే చెబుతాం. వైజాగ్ వెళితే బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ ఎక్కి ఫోటోలు దిగుతాం. నేవీ డే విన్యాసాలు టీవీలో చూస్తాం. కోస్ట్‌గార్డ్ అనే మాట మాత్రం తుఫాను వార్తల్లో ఎప్పుడో ఒకసారి వినబడి పోతుంది. మెరైన్ పోలీస్ అయితే ఆ మాత్రం కూడా లేదు.

తేడా తెలియకపోతే ఏమవుతుంది అంటారా? పట్టుకున్నది ఎవరన్నదాన్ని బట్టి పట్టుబడ్డవాళ్ళ గతి మారిపోతుంది. ఒక దేశపు యుద్ధనౌక ఇంకో దేశపు బోటుకి అడ్డం పడితే అది రెండు సైన్యాల మధ్య గొడవలా కనబడుతుంది. సముద్ర చట్టాలను అమలు చేసే దళం పట్టుకుంటే అది కేసు అవుతుంది. జైలు, కోర్టు, దౌత్య కార్యాలయం, విడుదల అనే దారి ఒకటి ఉంటుంది. మన మత్స్యకారులు ఏడాదికి పైగా కరాచీ జైల్లో మగ్గారు, నిజమే. కానీ వాళ్ళు యుద్ధఖైదీలు కారు. 2020 జనవరిలో వాళ్ళలో 20 మంది వాఘా సరిహద్దు దాటి నడుచుకుంటూ ఇంటిదారి పట్టారు.

ఎంత దూరం వరకు మనది?

ఎవరి పని ఏమిటో తెలియాలంటే ముందు సముద్రం మీద గీతలు ఎక్కడున్నాయో తెలియాలి. పిల్లలకు నేను ఇల్లు, వీధి, పొలం అని చెబుతాను.

తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళ వరకు, అంటే సుమారు 22 కిలోమీటర్ల వరకు, మన ఇంటి ఆవరణ. అక్కడ మన చట్టమే చట్టం. 24 నాటికల్ మైళ్ళ వరకు ఇంటి ముందు వీధి లాంటిది. దొంగసరుకు తెస్తున్నవాడిని గుమ్మం దాకా రానివ్వకుండా అక్కడే ఆపే హక్కు కస్టమ్స్ లాంటి శాఖలకు ఉంటుంది. ఆ తర్వాత 200 నాటికల్ మైళ్ళ వరకు, అంటే 370 కిలోమీటర్ల దాకా, మన పొలం. పంట మనది, గట్టు మీద నడిచే హక్కు అందరిదీ. చేప, చమురు, గ్యాస్ మనవే. కానీ ఏ దేశపు ఓడ అయినా ఆ దారిన వెళ్ళొచ్చు, మనం కాదనలేం. 1976లో పార్లమెంటు చేసిన చట్టంతో ఈ గీతలు మన దేశానికి ఏర్పడ్డాయి. ఆ పొలం విస్తీర్ణం 20 లక్షల చదరపు కిలోమీటర్లకు పైమాటే.

తీరం పొడవు గురించి ఒక మాట. మనం చదువుకున్న పుస్తకాల్లో దేశానికి 7,516 కిలోమీటర్లు, ఆంధ్రప్రదేశ్‌కి 974 అని ఉండేది. కేంద్రం ఈమధ్య కొత్తగా లెక్క వేయిస్తే దేశానికి 11,098, ఆంధ్రప్రదేశ్‌కి 1,053 కిలోమీటర్లు వచ్చాయి. తీరం పెరగలేదు. ఇంకా దగ్గరగా చూసి ప్రతి వంపునూ కొలిచారు, అంతే. మీ అబ్బాయి కొత్త అంకె రాస్తే తప్పని కొట్టేయకండి.

పోలీసుకీ యుద్ధానికీ మధ్య

నేవీ పని యుద్ధం. శాంతి కాలంలో కూడా దాని చూపు దూరంగానే ఉంటుంది. 2024 మార్చిలో జరిగిన ఒక ఆపరేషన్ చూడండి. సోమాలియా దొంగలు ‘రుయెన్’ అనే సరుకుల ఓడను పట్టుకుని, దాన్నే అడ్డాగా వాడుకుంటూ తిరుగుతున్నారు. మన తీరానికి దాదాపు 2,600 కిలోమీటర్ల దూరంలో ఐ.ఎన్.ఎస్. కోల్‌కతా వాళ్ళకు అడ్డం పడింది. సి-17 విమానం నుంచి మెరైన్ కమాండోలు పారాచూట్లతో సముద్రంలోకి దూకారు. 40 గంటల తర్వాత 35 మంది దొంగలు లొంగిపోయారు, 17 మంది సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు. వార్తల్లో ఇంతవరకే హడావుడిగా వచ్చింది. నాకు నచ్చిన భాగం ఆ తర్వాతది. ఆ 35 మందినీ నేవీ ముంబయి తెచ్చి పోలీసులకు అప్పగించింది. 2,600 కిలోమీటర్ల అవతల కమాండోలను దించగలిగిన నేవీ కూడా ఎఫ్.ఐ.ఆర్. రాయలేదు. అది దాని పని కాదు.

ఇదే ఇబ్బంది 1970ల్లో చాలా పెద్దగా ఉండేది. సముద్రం మీదుగా బంగారం, వాచీలు, విదేశీ సరుకులు దొంగతనంగా దిగేవి. కస్టమ్స్ వాళ్ళ దగ్గర సరైన పడవలు లేవు. ప్రతి స్మగ్లింగ్ బోటు వెనకా యుద్ధనౌకను తోలితే, ఈగను కొట్టడానికి రోకలి ఎత్తినట్టే. 1974లో కె.ఎఫ్. రుస్తుంజీ అధ్యక్షతన ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. ఆయన పోలీసు అధికారి, బి.ఎస్.ఎఫ్.కి మొదటి అధిపతి. సముద్రానికి విడిగా ఒక దళం ఉండాలని ఆ కమిటీ చెప్పింది. 1977 ఫిబ్రవరి 1న కోస్ట్‌గార్డ్ మొదలైంది. నేవీ ఇచ్చిన రెండు పాత యుద్ధనౌకలు, ఐదు చిన్న గస్తీ బోట్లు, మొత్తం ఏడుతో. మరుసటి ఏడాది దానికంటూ ఒక చట్టం వచ్చింది. ఇప్పుడు ఓడలు, బోట్లు కలిపి 150 దాటాయి. విశాఖపట్నంలో జిల్లా కేంద్రం ఉంది. కాకినాడ, నిజాంపట్నం, కృష్ణపట్నంలో స్టేషన్లు ఉన్నాయి.

కోస్ట్‌గార్డ్ కూడా రక్షణ శాఖ కిందే ఉంటుంది, తుపాకులూ ఉంటాయి. అందుకే గందరగోళం. కానీ చట్టంలో దానికి రాసిచ్చిన పనులు చదివితే సైన్యం పనుల్లా అనిపించవు. మత్స్యకారులకు రక్షణ, ఆపదలో సాయం, కృష్ణా గోదావరి బేసిన్‌లో ఉన్నలాంటి చమురు, గ్యాస్ కేంద్రాల కాపలా, సముద్రంలో చమురు ఒలికితే శుభ్రం చేయడం, కస్టమ్స్‌కి తోడ్పాటు, మన నీళ్ళలో చట్టం అమలయ్యేలా చూడటం. ఒడిశా తీరంలో గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళకు ఏటా కాపలా కాసేది కూడా వీళ్ళే. తుఫాను హెచ్చరిక రాగానే ఓడల మీద, విమానాల మీద తిరుగుతూ బోట్లను వెనక్కి పొమ్మని తెలుగులో చెప్పి పంపేదీ వీళ్ళే. సముద్రంలో గాలింపు, రక్షణ బాధ్యత దేశం మొత్తానికీ కోస్ట్‌గార్డ్‌దే. ఆ బాధ్యత పరిధి 46 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన ‘పొలం’ కంటే రెట్టింపు.

వాళ్ళ ఓడలను గుర్తుపట్టడం తేలిక. నేవీ ఓడ బూడిద రంగులో ఉంటుంది, సముద్రంలో కలిసిపోయి కనబడకూడదని. కోస్ట్‌గార్డ్ ఓడ తెల్లగా ఉంటుంది, పక్కన ఏటవాలు చారలతో, దూరం నుంచే కనబడాలని. ఈసారి వైజాగ్ వెళ్ళినప్పుడు పిల్లలకు చూపించండి. ఆ రంగుల తేడా చెబితే పాఠం సగం అయిపోయినట్టే.

2019 ఆగస్టులో విశాఖ తీరానికి దగ్గర్లో ‘కోస్టల్ జాగ్వార్’ అనే నౌకలో మంటలు లేచాయి. లోపల 29 మంది. ప్రాణాలు దక్కించుకోవడానికి నీళ్ళలోకి దూకేశారు. దగ్గర్లో గస్తీలో ఉన్న కోస్ట్‌గార్డ్ నౌక రాణి రాష్మణి వచ్చి 28 మందిని పైకి తీసింది. ఆ రోజు తీరంలో మన నేవీ తూర్పు కమాండ్ మొత్తం ఉంది. అయినా ముందు అందుకున్నది ఆ పని కోసమే తిరుగుతున్న తెల్ల ఓడ.

ఒకే ఓడ, ముగ్గురి పని

ఎవరి పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చెప్పడానికి నేను క్లాసులో వాడే ఉదాహరణ కొచ్చి దగ్గర మునిగిన ఎల్సా 3. 2025 మే 24న కొచ్చికి 38 నాటికల్ మైళ్ళ దూరంలో ఆ కంటైనర్ ఓడ ఒక పక్కకు ఒరిగిపోయింది. లోపల 24 మంది, 640 కంటైనర్లు. వాటిలో 13 ప్రమాదకరమైన సరుకువి. కోస్ట్‌గార్డ్ 21 మందిని దింపింది. కెప్టెన్, ఇద్దరు ఇంజినీర్లు ఓడను కాపాడుకునే ఆశతో ఆగిపోయారు. పరిస్థితి చేయి దాటాక ఆ ముగ్గురినీ నేవీ నౌక ఐ.ఎన్.ఎస్. సుజాత ఎక్కించుకుంది. మరుసటి రోజు ఓడ మునిగింది. ఇక నీళ్ళ మీద తేలిన చమురు సంగతి మళ్ళీ కోస్ట్‌గార్డ్‌దే. కాలుష్య నివారణ కోసం కట్టిన ఓడలు, విమానాలు దిగాయి. కేరళ తీరానికి కంటైనర్లు, ప్లాస్టిక్ గుళికలు కొట్టుకొచ్చి మత్స్యకారుల వేట దెబ్బతింది. దాని మీద కేసు ఎవరు పెట్టారు? నేవీ కాదు, కోస్ట్‌గార్డ్ కాదు. ఫోర్ట్ కొచ్చి కోస్టల్ పోలీస్ స్టేషన్.

ఆ మూడోవాళ్ళే మెరైన్ పోలీసులు, కొన్నిచోట్ల కోస్టల్ పోలీసులంటారు. రాష్ట్ర ప్రభుత్వం కింద పనిచేస్తారు. తీరం దగ్గరి లోతు తక్కువ నీళ్ళలో చిన్న బోట్లతో గస్తీ తిరుగుతారు. కేంద్రం 2005లో మొదలుపెట్టిన తీరభద్రత పథకంలో రెండు దశల్లో కలిపి ఆంధ్రప్రదేశ్‌కి ఇలాంటి స్టేషన్లు 21 వచ్చాయి. నా ఉద్దేశంలో ఈ ముగ్గురిలో బలహీనమైన జట్టు ఇదే. చాలా రాష్ట్రాల్లో బోట్లు రిపేర్లకు నోచుకోక ఒడ్డునే ఉండిపోవడం, సిబ్బంది సరిపోకపోవడం గురించి కాగ్ నివేదికలు పదేపదే చెప్పాయి. రోడ్డు మీద ట్రాఫిక్ డ్యూటీ చేసిన కానిస్టేబుల్‌ని తెచ్చి అలల మీద నిలబెడితే ఏమవుతుందో మీరే ఊహించండి.

దగ్గరి నీళ్ళు బలహీనంగా ఉంటే ఏమవుతుందో దేశం 2008 నవంబరు 26న చూసింది. కరాచీ నుంచి బయలుదేరిన పదిమంది ఉగ్రవాదులు దారిలో ‘కుబేర్’ అనే మన చేపల బోటును పట్టుకున్నారు. అందులోనే ముంబయి దగ్గరకు వచ్చి, రబ్బరు బోటులో కొలాబా మత్స్యకారుల కాలనీ దగ్గర దిగారు. నేవీ దూరంలో వెతుకుతుంది. కోస్ట్‌గార్డ్ విదేశీ బోట్లను గమనిస్తుంది. మన దేశపు చేపల బోటును అనుమానించింది ఎవరు? 166 మంది చనిపోయారు. పనులు పంచుకోవడం ఒకటే చాలదని, ఒకరి గీత అయ్యేచోట ఇంకొకరు చేతులు చాచి నిలబడాలని ప్రభుత్వానికి ఆ రోజు అర్థమైంది.

2009లో బాధ్యతలు మళ్ళీ రాశారు. సముద్ర భద్రత మొత్తానికీ నేవీ పెద్ద. 12 నాటికల్ మైళ్ళ లోపలి తీరభద్రతకు కోస్ట్‌గార్డ్ జవాబుదారీ, మెరైన్ పోలీసుల గస్తీని కలుపుకుని. అందరి సమాచారం ఒకచోట చేరేలా ముంబయి, కొచ్చి, విశాఖపట్నం, పోర్ట్ బ్లెయిర్‌లలో ఉమ్మడి కేంద్రాలు పెట్టారు. మత్స్యకారులకు బయోమెట్రిక్ కార్డులు వచ్చాయి, బోట్లకు రాష్ట్రానికో రంగు వచ్చింది. ‘సాగర్ కవచ్’ పేరుతో జరిగే డ్రిల్‌లో కొందరు సిబ్బంది ఉగ్రవాదుల్లా నటిస్తూ ఒడ్డుకు చేరాలని చూస్తారు, మిగతావాళ్ళు పట్టుకోవాలి. మా పిల్లలకు దీని గురించి చెబితే పెద్ద దాగుడుమూతల ఆట అన్నారు. ఒక రకంగా అంతే.

హైదరాబాద్ బ్రాంచీల తల్లిదండ్రులు “మాకు సముద్రమే లేదు కదా” అనుకోవచ్చు. వికారాబాద్ జిల్లా దామగుండంలో నేవీ స్టేషన్‌కి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. నీళ్ళ అడుగున ఉన్న జలాంతర్గాములకు సందేశాలు పంపడానికి అది. అడవి పోతుందని అక్కడివాళ్ళు అభ్యంతరం చెప్పారు, ఆ చర్చ కూడా పిల్లలతో చేయదగ్గదే.

పేరు చూసి మోసపోవద్దు

అన్ని దేశాల్లోనూ ఒకే పేరుకి ఒకే పని ఉండదు. అమెరికాలో కోస్ట్‌గార్డ్ రక్షణ శాఖ కింద లేదు, హోంలాండ్ సెక్యూరిటీ కింద ఉంది. పాకిస్తాన్ సంగతి మరీ తికమక. అక్కడ ‘కోస్ట్ గార్డ్స్’ అనే దళం ఉంది, కానీ అది సైన్యం అధికారులు నడిపే, హోం శాఖ కింద ఉండే, ప్రధానంగా తీరం మీద స్మగ్లింగ్‌ని ఆపే దళం. మన కోస్ట్‌గార్డ్ చేసే పనులు అక్కడ చేసేది 1987లో ఏర్పడిన మారిటైమ్ సెక్యూరిటీ ఏజెన్సీ. అందుకే 2005లో మన కోస్ట్‌గార్డ్ ఒప్పందం కుదుర్చుకున్నది ఆ ఏజెన్సీతో. దాని ప్రకారం రెండింటి మధ్య నేరుగా మాట్లాడుకునే లైను ఏర్పాటైంది. బోటు తప్పిపోయినా, ఎవరైనా పట్టుబడినా ముందు ఫోను వెళ్ళేది ఆ దారిలోనే.

గుజరాత్ పక్కన సర్ క్రీక్ వివాదం తేలలేదు కాబట్టి అక్కడ సముద్రంలో రెండు దేశాలూ ఒప్పుకున్న గీతే లేదు. చేపల వెనక పోయే బోటుకి ఆ సంగతి నీళ్ళ మీద ఎలా తెలుస్తుంది? అటువాళ్ళు మన జైళ్ళలో ఉన్నారు, మనవాళ్ళు అక్కడ ఉన్నారు. 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న రెండు ప్రభుత్వాలూ ఆ పేర్ల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఆ రెండు రోజుల్లో పేపర్లో ఎక్కడో లోపలి పేజీలో చిన్న వార్త వస్తుంది. ఈసారి పిల్లలతో వెతికించండి.

ఇక ఇంట్లో పనికొచ్చే రెండు సంగతులు. సముద్రంలో ఆపద కబురు చెప్పడానికి కోస్ట్‌గార్డ్ నంబరు 1554, మెరైన్ పోలీసులది 1093. సెలవుల్లో బీచ్‌కి, బోటు షికారుకి వెళ్ళేవాళ్ళు ఫోనులో వేసుకోండి.

రెండోది, పేరెంట్స్ మీటింగుల్లో నన్ను అడిగే ప్రశ్న: ఈ ఉద్యోగాలకు దారేమిటి? ఎంపీసీ పిల్లలకు ఇంటర్ తర్వాత నేవీ ఆఫీసరు కావడానికి రెండు దారులున్నాయి: యు.పి.ఎస్.సి. నిర్వహించే నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్ష, జేఈఈ మెయిన్ ర్యాంకుతో బీటెక్ ఎంట్రీ. 2022 నుంచి ఆ అకాడమీలో అమ్మాయిలకూ ప్రవేశం ఉంది. నేవీలో ఆఫీసరు కంటే కింది స్థాయి నియామకాలు ఇప్పుడు అగ్నివీర్ పద్ధతిలో నాలుగేళ్ళకు జరుగుతున్నాయి. కోస్ట్‌గార్డ్ ఆ పథకంలో లేదు. మ్యాథ్స్, ఫిజిక్స్‌తో ఇంటర్ చేసినవాళ్ళు నావిక్ పోస్టుకి, డిప్లొమా చేసినవాళ్ళు యాంత్రిక్ పోస్టుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. డిగ్రీ తర్వాత అసిస్టెంట్ కమాండెంట్ పరీక్ష ఉంటుంది. మెరైన్ పోలీసు కావాలంటే మాత్రం మామూలు రాష్ట్ర పోలీసు నియామకాల దారే. నోటిఫికేషన్లు వచ్చినప్పుడు మా స్టాఫ్‌రూమ్ పక్కన బోర్డు మీద పెడుతున్నాం, పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు ఒకసారి చూడండి.